కొమ్మకు రెండు పనులు

ఏప్రిల్, మే నెలల్లో బెంగుళూరులో గట్టి గాలివాన వచ్చిందంటే మరునాడు వీథుల్లో తురాయి కొమ్మలు విరిగిపడి ఉంటాయి. అటువంటి కొమ్మను నునుపుగా కోసి భూతద్దంతో చూస్తే సూదిమొనతో పొడిచినట్లు సన్నని రంధ్రాలు కనిపిస్తాయి. అవి దారునాళాలు. వేళ్ళు పీల్చిన నీరు వీటిగుండానే ఆకులకు చేరుతుంది. వీటి చుట్టూ ఉన్నది గట్టి నార. కొమ్మను వంగకుండా నిలబెట్టేది ముఖ్యంగా అదే.

ఆకులు పెరిగినకొద్దీ నీరూ ఎక్కువ కావాలి, మోయవలసిన బరువూ ఎక్కువే. నాళం వెడల్పు రెండింతలైతే అదే ఒత్తిడికి 16 రెట్లు నీరు పారుతుంది. ఇంత లాభముంటే చెట్లన్నీ వెడల్పాటి నాళాలే పెంచుకోవచ్చు కదా? కానీ కొమ్మ మందం కొంతే. నాళాలకు చోటిస్తే నారకు తగ్గుతుంది.

తుమ్మ నారకే పెద్దపీట వేసింది. అందుకే బండిచక్రాలకు దాని కర్ర వాడేవారు. బూరుగు దారి వేరు. దాని కర్ర ఎంత తేలికంటే అగ్గిపుల్లలకు పనికివస్తుంది! మరి హైదర్ అలీ 1760లో ప్రారంభించిన లాల్‌బాగ్ తోటలో అంత పెద్ద తెల్లబూరుగు ఎలా నిలిచింది? మెత్తని కర్రకు బదులుగా అది మానును లావుగా పెంచుకొంది. మొదట్లో వేళ్ళు గోడలవలె పైకి లేచి మానును ఆనుకొని ఉంటాయి. ఎండలు ముదరకముందే ఆకులు రాల్చి నీటి ఖర్చునూ తగ్గించుకొంటుంది.

వాన వెలిశాక దొరికిన తురాయి పుల్లనూ, అంతే లావున్న వేపపుల్లనూ చేత్తో విరిచి చూడవచ్చు. ఏది ముందు విరుగుతుందో వేళ్ళకే తెలుస్తుంది.