సెవానీ జట్టు: ఆరు దినములలో అయిదు ఆటలు

ఫుట్‌బాల్ అనగానే మనకు కాలితో తన్ను బంతియాట జ్ఞప్తికి వచ్చును. అమెరికా కళాశాలలలో ఆ పేరుతో నాడు ఆట వేరు. అందు బంతి కోలగా నుండును. దానిని చేతబట్టుకొని, అడ్డువచ్చువారిని దాటుకొని, ఎదుటివారి గీత చేర్చవలెను. 1899వ సంవత్సరమున బంతిని ముందునకు విసరుట నిషిద్ధము. మూడు ప్రయత్నములలో అయిదు గజములు సాగనిచో బంతి ప్రతిపక్షమువారి వశమగును. గీత చేర్చినవారికి అయిదు పాయింట్లు. కావున ఆట యంతయు దేహబలముతోడి పెనుగులాటగా నుండెడిది. అట్టి యాటను ఆరు దినములలో అయిదు మారులాడి గెలిచిన యొక జట్టు చరిత్రమును మన విద్యార్థులకు తెలుపగోరుచున్నాము.

టెన్నెసీ రాష్ట్రమున కంబర్లాండ్ పీఠభూమిపై సెవానీ యను చిన్న యూరు గలదు. ఎపిస్కోపల్ సంఘమువారు 1857లో స్థాపించిన యూనివర్సిటీ ఆఫ్ ది సౌత్ అచ్చటిదే. 1899లో దాని జట్టునకు హెన్రీ సైబెల్స్ నాయకుడు, హెర్మన్ సూటర్ శిక్షకుడు. ప్రయాణములు, పద్దులు చూచువాడు ల్యూక్ లీ యను ఇరువదేండ్ల విద్యార్థి. టిక్కెట్ల రాబడి పంపకమునుగూర్చి వాండర్బిల్ట్ విశ్వవిద్యాలయముతో తగవు వచ్చి, ఆ యేడు వారితో ఆట లేకపోయెను. ఆ లోటు పూడ్చుటకై లీ దక్షిణ రాష్ట్రములలో సుమారు 2,500 మైళ్ల రైలు ప్రయాణమును ఏర్పాటు చేసెను.

నవంబరు 9న ఆస్టిన్‌లో టెక్సాస్ జట్టును 12–0గాను, 10న హ్యూస్టన్‌లో టెక్సాస్ ఏ అండ్ ఎం జట్టును 10–0గాను, 11న న్యూ ఆర్లియన్స్‌లో టులేన్ జట్టును 23–0గాను సెవానీవారు ఓడించిరి. 12వ తేది ఆదివారము; ఆనాడు విశ్రమించిరి. 13న బేటన్ రూజ్‌లో లూసియానా స్టేట్ జట్టుపై 34–0, 14న మెంఫిస్‌లో మిసిసిపీ జట్టుపై 12–0. మొత్తము 91 పాయింట్లు. ఎదుటివారికి ఒక్కటియు లేదు.

ఈ విజయము కండబలముననే వచ్చినది కాదు. ఊరూర నీరు మారిన దేహము చెడునని, తమ కొండయూట నీటిని పీపాలలో నింపి రైలులో వెంట గొనిపోయిరి. రాత్రులు ప్రయాణము, పగలు ఆట. రైలు వేళలను ముందుగా లెక్కించిన విద్యార్థి శ్రమయు ఆ గెలుపులో భాగమే.

ఆ యేడు సెవానీపై పాయింట్లు సంపాదించినది ఆబర్న్ జట్టొక్కటే. నవంబరు 30న వారిని సెవానీ 11–10గా గెలిచెను. రెండు దినములకు అట్లాంటాలో నార్త్ కరోలినాను 5–0గా జయించెను. పండ్రెండాటలలోను గెలుపే; లెక్క 322కు 10.

అయినను ఈ పద్ధతి అనుకరింపదగినది కాదు. ఆ కాలపు ఆటలో గాయములు, మరణములును మిక్కుటమయ్యెను. 1905లో అధ్యక్షుడు రూజ్వెల్ట్ హార్వర్డు, యేలు, ప్రిన్స్టన్ కళాశాలలవారిని పిలిపించి హెచ్చరించెను. 1906లో నియమములు మారి, బంతిని ముందునకు విసరుట అనుమతింపబడెను.

తరువాతి కథయు తెలియదగినదే. 1932లో సెవానీ పెద్ద విశ్వవిద్యాలయములతో కలిసి ఆగ్నేయ కూటమిలో చేరెను. ఆ కూటమిలో 37 ఆటలాడి ఒక్కటియు గెలువలేదు. 1940లో కూటమిని విడిచెను గాని ఆటను విడువలేదు. క్రీడాకారులకు ప్రత్యేక వేతనములీయక, చదువుకొనవచ్చిన పిల్లలతోనే నేటికిని ఆడుచున్నది.

1899నాటి అయిదు గెలుపులను లోకము కొనియాడును. 1940నాటి నిర్ణయము అంతకంటె కష్టమైనదని మా యభిప్రాయము. గెలుచునప్పుడు ఆడుట ఎవరికైనను ఇంపే. ముప్పదియేడు ఓటముల పిమ్మట తన శక్తి నెరిగి, అవమానమని క్రుంగక, పిల్లలకొరకు ఆటను నిలుపుకొన్న విద్యాలయము మన గౌరవమునకు పాత్రము. తలిదండ్రులును ఉపాధ్యాయులును పాఠశాల జట్టు సాధించిన బహుమానములను లెక్కించునపుడు, ఎందరు పిల్లలు మైదానములో దిగిరో ఆ లెక్కను సైతము చూడవలెనని కోరుచున్నాము.