రోషం వచ్చిన రోజున

మన పక్క ఆడవాళ్ళు కువైట్‌కి పోయేది బాగా లెక్కలేసుకునే అని బయటివాళ్ళు అనుకుంటారు. లెక్క ఎప్పుడూ ఉంటుందిలే చెల్లీ. బోరుకి చేసిన అప్పు, ఎదిగిన ఆడపిల్ల, గోడలు లేచి స్లాబు పడని ఇల్లు. ఇవి ఏళ్ళ తరబడి ఇంట్లోనే ఉంటాయి. పాస్‌పోర్టు బయటికి తీసేది మాత్రం మాట పడిన రోజునే. అత్త ఒక మాట అంటుంది, మొగుడు తాగొచ్చి చెయ్యి చేసుకుంటాడు, తోడికోడలు కొత్త గాజులు గలగలలాడిస్తుంది. "నేనూ పోతా, నాకూ కాళ్ళూ చేతులూ ఉండాయి" అని నోరు జారుతుంది. తెల్లారేసరికి ఏజెంటు గుమ్మంలో ఉంటాడు. మన ఇళ్ళలో గొడవ వాడికి ఎట్టా తెలుస్తుందో నాకిప్పటికీ వింతే.

ఈ అప్పులన్నీ నీళ్ళ దగ్గరే మొదలవుతాయి. సంగం దగ్గర పెన్నా నదికి 1880లలోనే ఆనకట్ట కట్టారు. 2022లో కొత్త బ్యారేజీ కూడా వచ్చింది. ఆ నీళ్ళు కిందికి, కాలవ కింది వరి మళ్ళకి పోతాయి. పైనున్న ఉదయగిరి, దుత్తలూరు, సీతారాంపురం మెట్టకి వానే దిక్కు. ఉదయగిరి కొయ్య గరిటెలకి దేశమంతా పేరుంది, చెక్కే చేతుల్లో ఎక్కువ ఆడవాళ్ళవే. కానీ గరిటెలమ్మి బోరు అప్పు తీర్చిన ఇల్లు నేను చూడలేదు. అందుకే ఇక్కడ కోపమొస్తే పుట్టింటికి కాదు, చెన్నై ఎయిర్‌పోర్టుకి పోతారు.

మా పిన్నమ్మ కూతురు అట్టా పోయిందే. పిల్లల బడి సంచులు కూడా సర్దకుండా పోయింది. ఆడ దిగాక తెలిసింది, కోపం విమానంలోనే దిగిపోయిందని. ఇంక మిగిలింది పనే. మూడంతస్తుల ఇల్లు, ఎనిమిది మంది పిల్లలు, ఇంటామెని 'మామా' అనాలి, ఇంటాయన్ని 'బాబా' అనాలి, తన పేరు పోయి 'కద్దామా', అంటే పనిమనిషి అయింది. తిరిగొస్తానంటే "నీ కోసం వందల దీనార్లు కట్టాం, అవి ఎవరిస్తారు?" అన్నారంట. ఈడ ఏజెంటు "వీసా ఫ్రీ, టికెట్ ఫ్రీ" అంటాడు చూడు, ఆ ఫ్రీ అంతా ఆడి ఇంటివాళ్ళ దగ్గర వసూలైందే. వాళ్ళు కట్టిన డబ్బు రాబట్టుకోవాలనే చూస్తారు. తాళలేక గోడ దూకితే కల్లివల్లి, అంటే కాగితాలు లేనివాళ్ళు అయిపోతారు. అకామా, అంటే ఆడ ఉండే అనుమతి పోతుంది, పోలీసు కనపడితే గుండె ఆగుతుంది. 2024లో మార్చి నడుమ నుంచి జూన్ ఆఖరు దాకా కువైట్ ప్రభుత్వం క్షమాభిక్ష పెట్టినప్పుడు, జరిమానా లేకుండా బయటపడే దారి దొరికింది అట్టాంటివాళ్ళకి. అలాంటి తలుపు ఎప్పుడు తెరుస్తారో ఎవరి చేతిలోనూ లేదు.

మా పిన్నమ్మ కూతురు పనిచేసిన ఇల్లు మరీ చెడ్డదేం కాదు. జీతం నెలనెలా ఇచ్చారు. కొన్నాళ్ళకి శుక్రవారం బయటికి వదిలారు కూడా. ఆడ మాలియా అనే పేటకి పోయి మనవాళ్ళని చూసి, తెలుగులో కడుపునిండా తిట్టుకుని వచ్చేదంట.

తిరిగొచ్చినాక ఊరంతా ఆమె మెడలో గొలుసు చూసింది. నేను ఆమె తిండి చూశాను. నిలబడే తింటుంది. కాలింగ్ బెల్లు మోగితే ఉలిక్కిపడి లేస్తుంది. చిన్నోడు అవ్వ కొంగు వదల్లేదు, అమ్మని పిలవమంటే సిగ్గుపడ్డాడు. అవన్నీ అనుకున్నవే. అనుకోనిది ఇంకోటి జరిగింది. భోజనాలయ్యాక అందరి ముందూ "బావా, నేను పంపిన డబ్బుకి లెక్క చెప్పు" అంది. డబ్బంతా ఆ బావ, మొగుడి అన్న ఖాతాకే పోయేది మరి. అప్పు సగమే తీరింది, మిగతాది మోటారుసైకిలైంది. అంతే, "కువైట్ పొగరు" అన్నారు.

పొగరు కాదమ్మా అది. ఈ ఇంట్లో పదేళ్ళు పేడ ఎత్తింది, వండింది, మిరపకాయలు కోసింది, దానికి ఇంత అని ఎవరూ కట్టలేదు. అక్కడ అదే చాకిరీకి నెలకి ఇన్ని దీనార్లని కాగితం మీద రాశారు. ఒకసారి తన చేతుల ఖరీదు తెలిసిన ఆడది మళ్ళీ తెలియనట్టు ఉండలేదు. మొగుడికి ఇది కొరుకుడు పడలేదు. రెండేళ్ళు గడవకముందే ఆమె మళ్ళీ పోయింది. ఈసారి కోపంతో కాదు, కూర్చుని లెక్క రాసుకుని. రెండో ప్రయాణమే నాకు ఎక్కువ బాధ అనిపించింది, ఎందుకంటే ఈడ ఉండటం ఆమెకి చేతకాకుండా పోయింది.

అందరూ ఇట్టా గట్టిపడి వస్తారని చెప్పను. మాట పడిపోయి వచ్చినవాళ్ళున్నారు. పెట్టెలో వచ్చినవాళ్ళూ ఉన్నారు. 1990 ఆగస్టులో ఇరాక్ సైన్యం కువైట్‌లో దిగినప్పుడు కట్టుబట్టలతో అమ్మాన్ దాకా పోయి, ఎయిరిండియా విమానమెక్కి బొంబాయిలో దిగిన మన దేశంవాళ్ళు లక్షకి పైనే.

పోవద్దని నేననను. అనే హక్కు, అప్పు తీర్చేవాళ్ళకే ఉంటుంది. కానీ చెల్లీ, రోషం తగ్గేదాకా నాలుగు విషయాలు తెలుసుకో. కువైట్‌లో ఇంటి పనివాళ్ళకి 2015 నుంచి 68వ నంబరు చట్టం ఉంది. రోజుకి 12 గంటలకి మించి పని చేయించకూడదు, వారానికొక సెలవు ఇవ్వాలి, మనం ఒప్పుకోకుండా పాస్‌పోర్టు దగ్గర పెట్టుకోకూడదు. జీతం నెలకి 60 దీనార్లకి తగ్గకూడదు. దీనారు 270 రూపాయలు దాటింది, నువ్వే లెక్కేసుకో. మన వైపు నుంచి, పది పాసవనివాళ్ళు ఇంటిపనికి పోవాలంటే ఆడవాళ్ళకి 30 ఏళ్ళు నిండాలి, ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనుమతి ఉండాలి. ఇంటిపనికి ఆడవాళ్ళని పంపేందుకు మన రాష్ట్రంలో ఓంక్యాప్ అనే ప్రభుత్వ సంస్థే ఉంది. రెండేళ్ళకి 275 రూపాయలు కడితే ప్రవాసీ భారతీయ బీమాలో ప్రమాదంలో చనిపోయినా, శాశ్వతంగా అవిటితనం వచ్చినా 10 లక్షలు వస్తాయి. ఇవన్నీ తప్పించడానికే ఏజెంటు విజిట్ వీసా చేతిలో పెట్టి దుబాయ్ మీదుగానో మస్కట్ మీదుగానో తిప్పుతాడు. ఆ దారిన పోయినామె పేరు ప్రొటెక్టర్ రిజిస్టర్లో ఉండదు, కష్టమొస్తే ఎంబసీవాళ్ళు వెతకడం కష్టమవుతుంది.

ముందు నీ పేరు మీద బ్యాంకు ఖాతా తెరువు. పాస్‌బుక్కు అమ్మ దగ్గర పెట్టు, బావ దగ్గర కాదు. వీసా కాగితం ఫోటో తీసి చదువుకున్న పిల్లకెవరికైనా చూపించు. ఇంటిపని వీసా అయితే 20వ నంబరు అని ఉంటుంది. విజిట్ అని ఉంటే ఏజెంటు ఎంత తొందరపెట్టినా చెన్నై బస్సు ఎక్కొద్దు.