విమానం కూలిన రోజు మనమేం చేశాం?



వార్షికోత్సవ సంచికకు పాఠం లాంటిది ఏదైనా రాయమని అడిగారు. నేను సాంఘికశాస్త్రం చెప్పుకునే మాస్టారిని. పుస్తకంలో ఉన్న పాఠం మీకు తరగతిలో ఎలాగూ చెబుతారు. పుస్తకంలో లేని పాఠం ఒకటి చెబుతాను. ఒక పెద్ద ప్రమాదం జరిగినప్పుడు జనం ఎలా స్పందిస్తారు, అందులో ఏది మంచి, ఏది చెడు అన్నది ఈ పాఠం.

2025 జూన్ 12, గురువారం. వేసవి సెలవులు అయ్యాక మన రాష్ట్రంలో బడులు తెరిచిన రోజు అది. ట్రంకుపెట్టె, కంచం, గ్లాసు పట్టుకుని పిల్లలు టెక్కలి, పలాస బస్టాండుల్లో దిగుతున్నారు. సరిగ్గా అదే మధ్యాహ్నం, మనకు ఎంతో దూరంలో ఉన్న అహ్మదాబాదులో, ఒక విమానం ఒక హాస్టలు మెస్సు మీద పడింది. అప్పుడు అక్కడ పిల్లలు భోజనం చేస్తున్నారు. ఈ పాఠానికి ఆ ప్రమాదాన్నే ఎంచుకోవడానికి కారణం అదే.

జరిగింది ఏమిటి?

ముందు వాస్తవాలు తెలుసుకోవాలి. స్పందన ఆ తర్వాత.

అది ఎయిర్ ఇండియా 171వ నంబరు విమానం. బోయింగ్ 787 రకం. అహ్మదాబాదు నుంచి లండన్ గాట్విక్ వెళ్ళాలి. 230 మంది ప్రయాణికులు, 12 మంది సిబ్బంది, మొత్తం 242 మంది అందులో ఉన్నారు. ప్రయాణికుల్లో 169 మంది భారతీయులు, 53 మంది బ్రిటిష్ వారు, 7గురు పోర్చుగల్ వారు, ఒకరు కెనడా వారు. మధ్యాహ్నం 1 గంట 39 నిమిషాల ప్రాంతంలో నేల విడిచిన విమానం సుమారు అర నిమిషానికే బి.జె. మెడికల్ కాలేజీ హాస్టలు భవనాల మీద కూలిపోయింది. లండన్ దాకా వెళ్ళాల్సిన విమానం కాబట్టి ట్యాంకుల్లో 50 టన్నులకు పైగా ఇంధనం ఉంది. అందుకే అంత మంట.

విమానంలో ఉన్నవారిలో 241 మంది చనిపోయారు. 11ఎ సీటులో కూర్చున్న ఒక్కరు మాత్రం బతికారు. మృతుల్లో గుజరాత్ మాజీ ముఖ్యమంత్రి విజయ్ రూపానీ కూడా ఉన్నారు. నేల మీద ఉన్నవారిలో 19 మంది పోయారు. మొత్తం 260 మంది. 2011లో ప్రయాణాలు మొదలుపెట్టిన 787 రకం విమానాల్లో ప్రాణనష్టం జరిగిన మొదటి ప్రమాదం ఇదే.

ఆ నేల మీద పోయినవారి గురించి కొంచెం ఆగి ఆలోచించండి. వారిలో వైద్య విద్యార్థులు ఉన్నారు. మెస్సులో వంట చేసే ఒక పెద్దావిడ, ఆమె చిన్నారి మనవరాలు ఉన్నారు. తల్లి నడుపుకునే టీ కొట్టు దగ్గర పడుకున్న ఒక కుర్రాడు ఉన్నాడు. వీరెవరూ విమానం టిక్కెట్టు కొన్నవారు కాదు. టి.వి.లో సగం తిన్న కంచాలు, విరిగిన గోడలోంచి పొడుచుకొచ్చిన విమానం చక్రం చూపించారు. ఆ కంచాలు చూసి నాకు మన మెస్సు గుర్తొచ్చింది. మన వంట అక్కలు గుర్తొచ్చారు.

అప్పుడు, ఇప్పుడు

నేను ఈ హాస్టల్లో తొమ్మిదో తరగతి చదువుతుండగా, 1996 నవంబరు 12న హర్యానాలోని చర్ఖీ దాద్రీ దగ్గర రెండు విమానాలు గాలిలో ఢీకొన్నాయి. 349 మంది పోయారు. అంతకు ఆరు రోజుల ముందే, నవంబరు 6న, కోనసీమను తుఫాను ముంచింది. హాస్టలుకు వచ్చేది ఒకటే పేపరు. ముందు వార్డెన్ గారు చదివేవారు, తర్వాత పదో తరగతి వాళ్ళు, ఆఖరున మేము. మా చేతికి వచ్చేసరికి అంచులు చిరిగిపోయి ఉండేది. ప్రార్థనలో రెండు నిమిషాలు మౌనం పాటించాం. తుఫానుకు ఒక నిమిషం, విమానాలకు ఒక నిమిషం. అంతే. మాకు తెలిసింది కొంచెం. కానీ తెలిసినంత మేరకు నిజమే తెలిసింది.

2025లో అలా కాదు. విమానం కూలిన గంటలోపే ఆ వీడియో మన బస్టాండుల్లో ప్రతి సెల్‌ఫోన్‌లో ఉంది. సాయంత్రానికి కారణాలు కూడా వచ్చేశాయి. పక్షి తగిలిందన్నవారు, కుట్ర అన్నవారు, బరువు ఎక్కువైందన్నవారు, ఎవరికి తోచింది వారు చెప్పారు. దర్యాప్తు అధికారులు ఇంకా శిథిలాల దగ్గర పని మొదలుపెట్టారో లేదో, మన టీ కొట్టు దగ్గర దర్యాప్తు పూర్తయిపోయింది.

జనం స్పందనలు ఎన్ని రకాలు?

1) భయం. ఇది సహజం. ఉద్దానంలో ఇంటికొకరు వలస పోయినవారే. గల్ఫ్‌లో వెల్డింగు పనికో, పైపు పనికో వెళ్ళినవారు ఎందరో. ఆ రోజు రాత్రి వజ్రపుకొత్తూరు వైపు మా చుట్టాల ఊరి నుంచి ఒక పెద్దమ్మ నాకు ఫోను చేసింది. "ఏటి బాబూ, మావోడొచ్చే ఇమానం కాదు గదా అది?" అని అడిగింది. కాదమ్మా, అది లండన్ పోయేది అని చెప్పాను. "అయితే ఆ తల్లులో?" అంది. ఆ రోజు నేను విన్న మాటల్లో అన్నిటికంటే మంచి మాట అది. తన భయం తీరగానే ఆమె ఎదుటివారి దుఃఖంలోకి వెళ్ళింది.

2) సహాయం. అహ్మదాబాదులో హాస్టలు విద్యార్థులే తోటివారిని బయటికి లాగారు. రక్తం ఇవ్వడానికి జనం వచ్చారు. ఇంకా గొప్ప ఉదాహరణ కేరళలో ఉంది. 2020 ఆగస్టు 7 రాత్రి, కరోనా కాలంలో, దుబాయి నుంచి వచ్చిన విమానం కోళికోడ్‌లో రన్‌వే దాటి లోయలోకి జారి ముక్కలైంది. 21 మంది పోయారు. జోరు వాన. పైగా దగ్గరకు వెళితే కరోనా అంటుకుంటుందన్న భయం. అయినా చుట్టుపక్కల ఊళ్ళవారు పరుగెత్తి వెళ్ళి, తమ సొంత బళ్ళలో గాయపడినవారిని ఆసుపత్రులకు చేర్చారు. అర్ధరాత్రి రక్తం ఇవ్వడానికి వరుస కట్టారు. ఆ తర్వాత నోరెత్తకుండా క్వారంటైన్‌కు వెళ్ళారు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను మన కొబ్బరి, జీడి తోటల్ని నేలకూల్చినప్పుడు బయటివారి సాయం విలువ ఏమిటో మనకు తెలిసింది కదా.

3) చూడాలన్న ఆత్రం. విమానం ఎక్కాక ఒక కుటుంబం తీసుకున్న ఆఖరి ఫోటో దేశమంతా తిరిగింది. మన ఫోన్‌లో ఉన్నంత మాత్రాన ఆ ఫోటో మనదవుతుందా? శవాల ఫోటోలు పంపినవారూ ఉన్నారు. ఆ ఫోటో చనిపోయినవారి తమ్ముడికో, కూతురికో చేరితే ఏమవుతుందని పంపేవారు ఆలోచించలేదు.

4) పుకారు. విమానం కూలడాన్ని ఒక మేడ మీద నుంచి ఫోన్‌లో తీసినది పదిహేడేళ్ళ కుర్రాడు. విమానాలంటే ఇష్టంతో తీశాడు. అది కూలిపోతుందని వాడికేం తెలుసు? పోలీసులు సాక్షిగా పిలిచి వాంగ్మూలం తీసుకున్నారు. అంతే, వాణ్ణి అరెస్టు చేశారని ప్రచారం మొదలైంది. అరెస్టు చేయలేదని పోలీసులే చెప్పాల్సి వచ్చింది. మీ వయసు కుర్రాడు. కళ్ళముందు అంత ఘోరం చూసి వణికిపోతున్నవాడి మీద జనం ఇంకో బరువు పెట్టారు.

5) నింద. దీని గురించి వివరంగా చెప్పుకోవాలి.

నింద వేరు, జవాబుదారీ వేరు

విమాన ప్రమాదాలకు అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ నియమాలు ఉన్నాయి. ప్రమాదం జరిగిన 30 రోజుల్లో ప్రాథమిక నివేదిక ఇవ్వాలి. ఆ దర్యాప్తు ఎవరినో శిక్షించడానికి కాదు, మళ్ళీ అలాంటిది జరగకుండా ఆపడానికి. మన దేశంలో విమాన ప్రమాద దర్యాప్తు సంస్థ 2025 జూలై 12న అహ్మదాబాదు ప్రమాదం ప్రాథమిక నివేదిక బయటపెట్టింది. ఇంజన్లకు ఇంధనం వదిలే రెండు స్విచ్చులు, విమానం నేల విడిచిన కొద్ది క్షణాలకే, ఒక సెకను తేడాతో ఆఫ్ స్థితికి మారాయని, కొద్ది సెకన్ల తర్వాత మళ్ళీ ఆన్ స్థితికి వచ్చాయని, కానీ అప్పటికే సమయం చాలలేదని అందులో ఉంది. ఎందుకు ఆపావని ఒక పైలట్ అడగడం, నేను ఆపలేదని రెండో పైలట్ చెప్పడం రికార్డయింది. ఏ మాట ఎవరిదో నివేదిక చెప్పలేదు. ప్రమాదానికి కారణం ఇదీ అని కూడా తేల్చలేదు.

అయినా ఏం జరిగింది? నివేదిక చదవనివారు సైతం పైలట్ మీద తీర్పు చెప్పేశారు. చనిపోయినవాడు లేచి వచ్చి జవాబు చెప్పలేడు. పైలట్ల సంఘాలు అభ్యంతరం చెప్పాయి. ముసలి తండ్రి సుప్రీంకోర్టు దాకా వెళ్ళాల్సి వచ్చింది. 2025 నవంబరులో కోర్టు ఆ తండ్రితో, మీ అబ్బాయిని ఎవరూ నిందించలేరు, ఆ భారం మీరు మోయనక్కర్లేదు అన్న అర్థంలో చెప్పింది. కొడుకు పోయిన దుఃఖం చాలదన్నట్టు కొడుకు పరువు కోసం కోర్టు మెట్లెక్కిన ఆ తండ్రిని తలుచుకోండి.

మన జిల్లాకు ఈ ప్రమాదంతో ఇంకో సంబంధం ఉంది. ప్రమాదం జరిగినప్పుడు పౌర విమానయాన మంత్రి మన శ్రీకాకుళం ఎంపీ కింజరాపు రామ్మోహన్ నాయుడు గారు. వారి స్వగ్రామం నిమ్మాడ టెక్కలికి దగ్గరే. అందుచేత మన రచ్చబండల దగ్గర వాదన రెండుగా చీలింది. మనవాడు కాబట్టి ఏమీ అనకూడదన్నవారు కొందరు. మంత్రి కాబట్టి వెంటనే రాజీనామా చేయాలన్నవారు కొందరు. పౌరులుగా అడగాల్సిన ప్రశ్నలు వేరే ఉన్నాయి. తనిఖీలు సరిగా జరుగుతున్నాయా? దర్యాప్తు స్వతంత్రంగా ఉందా? నేల మీద పోయినవారికి కూడా పరిహారం అందిందా? మనవాడైనా, పరాయివాడైనా ఈ ప్రశ్నలు అడగాల్సిందే. అది జవాబుదారీ. తెలియకుండా మనిషిని దోషి అనడం నింద.

ఆ మంత్రిగారు అప్పట్లో పత్రికలవారితో మాట్లాడుతూ, తన తండ్రిని కూడా రోడ్డు ప్రమాదంలోనే పోగొట్టుకున్నానని, ఆ కుటుంబాల బాధ తనకు తెలుసని అన్నారు. ఎర్రన్నాయుడు గారు 2012 నవంబరులో రణస్థలం దగ్గర రోడ్డు ప్రమాదంలో పోయిన సంగతి మన జిల్లాలో అందరికీ తెలిసిందే. ఈ మాట మనల్ని తర్వాతి ప్రశ్నకు తీసుకెళుతుంది.

ఏ చావు వార్త అవుతుంది?

ఒక చిన్న లెక్క చేద్దాం. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. 365తో భాగించండి. రోజుకు 460 మందికి పైగా. అంటే అహ్మదాబాదులో పోయినంతమంది మన రోడ్ల మీద సుమారు 14 గంటల్లో పోతున్నారు. దీనికి దేశం ఆగిపోయి టి.వి. చూడదు. ఒక్కొక్కరుగా పోతారు కాబట్టి లెక్కలోకి రారు.

2023 అక్టోబరు 29 రాత్రి విజయనగరం జిల్లా కంటకాపల్లి దగ్గర విశాఖ నుంచి పలాస వస్తున్న పాసింజరును వెనుక నుంచి రాయగడ పాసింజరు గుద్దింది. 14 మంది పోయారు. అది మన ఊరి పేరున్న బండి. కూలి చేసుకునేవారు, చదువుకునేవారు, ఆసుపత్రికి వెళ్ళి వచ్చేవారు ఎక్కే బండి. 2025 నవంబరు 1న, కార్తీక ఏకాదశి రోజున, కాశీబుగ్గ వేంకటేశ్వరస్వామి గుడిలో తొక్కిసలాట జరిగి 9 మంది పోయారు. ఆ వార్తలు దేశంలో ఎన్ని రోజులు నిలిచాయి? మనమే ఎన్ని రోజులు గుర్తుంచుకున్నాం?

విమానం వార్త పెద్దదని నేను తప్పు పట్టడం లేదు. అక్కడ పోయినవి కూడా ప్రాణాలే. ఆ దుఃఖాన్ని తగ్గించమని కాదు, మన దగ్గర పోయినవారికి కూడా అంత దుఃఖం, అంత దర్యాప్తు దక్కాలని అంటున్నాను. చర్ఖీ దాద్రీ తర్వాత మన దేశంలో విమానాలు ఎదురెదురు రాకుండా హెచ్చరించే పరికరం తప్పనిసరి చేశారు. అంటే విమానం కూలితే ఏదో ఒకటి నేర్చుకుంటారు. గుడి మెట్ల దగ్గర, రోడ్డు మలుపు దగ్గర కూడా అలాగే నేర్చుకోవాలి.

మనం పాటించవలసినవి

1) వార్త వినగానే ముందు అడగాల్సింది: ఇది ఎవరు చెప్పారు? చూసినవారా, విన్నవారా?
2) శవాల ఫోటోలు, ఏడుస్తున్నవారి ఫోటోలు ఎవరికీ పంపవద్దు.
3) దర్యాప్తు పూర్తికాకముందు దోషి పేరు చెప్పవద్దు. తెలియదు అనడం నామోషీ కాదు.
4) చేయగల సాయం చేయండి. 18 ఏళ్ళు నిండిన ఆరోగ్యవంతులు రక్తం ఇవ్వవచ్చు. ఇవ్వలేనివారు దారి ఇవ్వాలి, గుమిగూడకూడదు.
5) బతికి బయటపడినవారిని తమాషాగా చూడవద్దు. 11ఎ సీటు అదృష్టమని ఎందరో మాట్లాడారు. ఆ సీటులో కూర్చున్న మనిషి తన తమ్ముణ్ణి అదే విమానంలో పోగొట్టుకున్నాడు.
6) ఏడాది తర్వాత కూడా అడగండి: ఏం మారింది?

అభ్యాసం

అ) నిందకు, జవాబుదారీకి తేడా మీ మాటల్లో రాయండి.
ఆ) ప్రాథమిక నివేదికకు, తుది నివేదికకు తేడా ఏమిటి?
ఇ) మీ ఊళ్ళో జరిగిన ఒక ప్రమాదం గురించి పెద్దలను అడిగి, వారు చూసినది ఒక వైపు, విన్నది ఒక వైపు రాయండి.
ఈ) మన హాస్టల్లో మంట పుడితే బయటికి వెళ్ళే దారులు ఎన్ని? ఈ రోజే లెక్కపెట్టి వార్డెన్ గారికి చెప్పండి.

ఆఖరి ప్రశ్నకు మార్కులు లేవు. కానీ అన్నిటికంటే ముందు రాయవలసిన జవాబు అదే.

రేపు మెస్సులో కంచం ముందు కూర్చున్నప్పుడు ఒక్కసారి అహ్మదాబాదు హాస్టలు పిల్లల్ని, వారికి వండిపెట్టిన ఆ పెద్దావిడను తలుచుకోండి. తర్వాత కడుపునిండా తినండి, బాగా చదువుకోండి. మీలో ఎవరో ఒకరు ఇంజనీరై, డాక్టరై, పైలటై, అధికారియై రేపు ఇలాంటి ప్రమాదం ఒక్కటి ఆపితే, మన హాస్టలు అన్నం రుణం తీరినట్టే.

మీ అన్నయ్య,
ఒక పూర్వ విద్యార్థి