ఏ గదికి చెక్క, ఏ గదికి రాయి

చి॥ సౌ॥ అమ్మాయికి,

హైదరాబాద్‌లో కట్టుకుంటున్న ఇంట్లో హాలు మొదలు వంటింటి దాకా చెక్క నేలే వేయించాలని నువ్వూ అల్లుడూ అనుకుంటున్నారనీ, ఏ చెక్క మంచిదో చెప్పమనీ రాశావు. చెక్క పేరు తర్వాత చెబుతాను. ముందు ఒక్కో గదిలోకి నీళ్లు ఎంత వస్తాయో, వచ్చినవి ఎంతసేపు నిలుస్తాయో చూసుకో. ఆ గదికి చెక్క పనికొస్తుందో లేదో అక్కడే తేలిపోతుంది. రంగు, మెరుపు, గట్టిదనం ఆ తర్వాతి సంగతులు.

కోసి, ఆరబెట్టి, పాలిష్ పెట్టినా సరే, గాలిలోని తేమను పీల్చడం, వదలడం చెక్క మానదు. వానాకాలంలో బాత్రూం తలుపు బిగుసుకుపోయి, ఎండలు ముదిరాక మళ్లీ తేలిగ్గా పడటం ఇందుకే. మన ఊళ్లో ఏప్రిల్, మే మధ్యాహ్నాలు గాలిలో తేమ 30 శాతం దరిదాపుల్లో ఉంటుంది, ఆగస్టులో పొద్దుటిపూట 80 దాటుతుంది. 30 శాతం తేమ గాలిలో చాలాకాలం ఉన్న చెక్కలో దాని బరువులో సుమారు 6 శాతం నీరు ఉంటుంది, 80 శాతం గాలిలో అది దాదాపు 16. గాలి మారినంత త్వరగా చెక్క మారదు కాబట్టి ఇంట్లో నేల ఆ రెండు కొసలకూ పోదు. లెక్కకు 4 శాతం తేడా వేసుకుందాం. మామూలు కోతలో వచ్చిన రెడ్ ఓక్ పలక తేమ 1 శాతం పెరిగితే వెడల్పులో సుమారు 0.37 శాతం పెరుగుతుంది. టేకు అందులో సగమే, 0.19 దాకా. 125 మిల్లీమీటర్ల ఓక్ పలక ఆ 4 శాతానికి 1.8 మిల్లీమీటర్లు వెడల్పవుతుంది. ఒక్క పలకలో అది కంటికి ఆనదు. కానీ పది అడుగుల గదిలో అలాంటివి 24 పక్కపక్కనే పడతాయి, అన్నీ కలిస్తే నాలుగు సెంటీమీటర్ల పైమాటే. గోడ వారగా చాలినంత ఖాళీ వదలకపోతే వానాకాలంలో నేల మధ్యలో ఉబ్బి లేస్తుంది, ఎండాకాలంలో పలకల మధ్య సందులు పడతాయి. నా మొగ్గు టేకు వైపు ఉండటానికి మొదటి కారణం ఈ లెక్కే.

షోరూంలో మాత్రం గట్టిదనం గురించే ఎక్కువ చెబుతారు. 11.28 మిల్లీమీటర్ల ఉక్కు గోళీని చెక్కలోకి సగం దిగేదాకా నొక్కడానికి ఎంత బలం కావాలో కొలిచి ఇచ్చేదే జాంకా అంకె. రెడ్ ఓక్‌కు అది 1290 పౌండ్లు, హికరీకి 1820, టేకుకు వెయ్యికి కాస్త పైన. ఆ వరసలో టేకు వెనకబడిందని దాన్ని తోసెయ్యకు. ఆ అంకె సొట్టల సంగతి చెబుతుంది, తేమకు ఎంత కదులుతుందో చెప్పదు. హికరీ ఓక్ కంటే గట్టిది, కదలడంలోనూ ఎక్కువే. పైగా మనం చెప్పులు గుమ్మం బయటే విడుస్తాం కాబట్టి చెక్క నేలను గీకే ఇసుకలో చాలాభాగం లోపలికి రాదు. ఓక్ మీదే మనసుంటే వైట్ ఓక్ తీసుకో. దాని నాళాలు లోపల పూడుకుపోయి ఉంటాయి, అందుకే సారాయి పీపాలు దాంతో చేస్తారు. రెడ్ ఓక్ ముక్కకు ఒక కొస నోరు పెట్టి ఊదితే రెండో కొస నుంచి గాలి వస్తుంది, నీళ్లకూ అదే దారి.

ఇక గదులు. పడకగదులకూ, చదువుకునే గదికీ నిస్సంకోచంగా చెక్క వేయించు. అక్కడ నీళ్ల పని లేదు, అడుగుకు వెచ్చగా, మెత్తగా ఉంటుంది. డబ్బు అక్కడే పెట్టు. బాత్రూం గుమ్మం దగ్గర మాత్రం ఒక రాతి పట్టీ వేసి, దాని అవతల చెక్క మొదలుపెట్టించు. తడి కాళ్లతో వేసే మొదటి రెండడుగులు ఆ రాయి మీద పడాలి. హాలు మీ అలవాట్లను బట్టి. పనిమనిషి రోజూ బకెట్‌లో ఫినాయిల్ నీళ్లతో మాప్ పెట్టే ఇల్లయితే వద్దు. పొడిగా ఊడ్చి, బాగా పిండిన బట్టతో తుడిపించగలిగితే వేయించుకో. రోజంతా ఎండ పడే కిటికీ పక్కన చెక్క రంగు మారుతుంది, తివాచీ కింది భాగం వేరే రంగులో మిగులుతుంది, దానికి సిద్ధపడాలి. వంటిల్లు, పూజగది, బట్టలుతికే చోటు, వీటికి చెక్క వద్దే వద్దు. వంటింట్లో పసుపు పడుతుంది, నూనె చిందుతుంది, గ్యాస్ బండను ఈడ్చినప్పుడు దాని అడుగు అంచు ఏ చెక్కనైనా గీస్తుంది. పూజగదిలో దీపం కుందె కింద నూనె, అభిషేకం నీళ్లు, కొబ్బరికాయ కొట్టిన తడి. వీటికి తాండూరు రాయో గ్రానైటో ఉండనే ఉంది, హాయిగా కడుక్కోవచ్చు.

అమెరికాలో వంటిళ్లలోనూ చెక్కే వేస్తున్నారు కదా అంటావు. నిజమే. అక్కడ చాలా ఇళ్లలో వేడీ చల్లదనమూ యంత్రాల చేతిలో ఉంటాయి. ఏడాది పొడవునా ఇంటి గాలిలో తేమ 30 నుంచి 50 శాతం మధ్య ఉంచుకోమని అక్కడి ఫ్లోరింగ్ వాళ్లే చెబుతారు. వంటింటి నేల మీద నీళ్లు పోసి కడగడం వాళ్లకు లేదు. మనకు పండగొస్తే ఇల్లు కడగాలి, అది మానుకోమని నేను చెప్పను. ఇల్లంతా ఒకే నేల ఉంటే విశాలంగా కనిపిస్తుందన్న మాటా నిజమే. చెక్క రంగుకు దగ్గరగా ఉన్న రాయి ఎంచుకుని, రెండింటి మట్టం సమానంగా ఉంచితే ఆ అందం చాలావరకు దక్కుతుంది.

పూర్తి చెక్క పలకా, ఇంజనీర్డ్ పలకా అంటే, నీకు రెండోదే మేలు. అడుగున ప్లైవుడ్ పొరలు ఒకదానికొకటి అడ్డంగా అతికి ఉంటాయి కాబట్టి కదలిక తగ్గుతుంది. అది నకిలీ చెక్క అనేవాళ్ల మాట పట్టించుకోకు, పైపొర అసలు టేకే. ఆ పైపొర మందం మాత్రం అడుగు. 3, 4 మిల్లీమీటర్లుంటే ముందుముందు ఒకటి రెండుసార్లు గీకించి పాలిష్ పెట్టించవచ్చు, అంతకంటే బాగా పల్చనైతే ఆ అవకాశం ఉండదు. లామినేట్ వేరే సరుకు, దాని మీద కనిపించేది చెక్క బొమ్మ అచ్చు. టేకు చేవకు చెదలు త్వరగా పట్టవు కానీ అడుగు ప్లైవుడ్‌కు ఆ రక్షణ లేదు. కింది అంతస్తులో పునాది దశలోనే చెదల మందు కొట్టించారో లేదో మేస్త్రీని అడుగు.

ఇంకో పని ఈ వారమే చెయ్యి. ఓ మూరెడు పొడవూ వెడల్పూ ఉన్న పారదర్శక ప్లాస్టిక్ షీటును పడకగది కాంక్రీటు మీద పరిచి, నాలుగు అంచులూ టేపుతో బిగించి, ఒక పగలూ ఒక రాత్రీ వదిలెయ్యి. పొద్దున షీటు లోపలి వైపు నీటి చుక్కలు కనిపించినా, కింది కాంక్రీటు నల్లబడినా అది ఇంకా ఆరలేదని అర్థం. అప్పుడు వడ్రంగి ఎంత తొందరపెట్టినా పలకలు దింపించకు. ఏం కనిపించిందో, కొటేషన్‌లో పైపొర మందం ఎంత రాశారో నాకు రాయి. అది చూసి, ఎన్ని చదరపు అడుగులు తెప్పించాలో చెబుతాను.

ఆశీస్సులతో,
పెదనాన్న