పడవలో ఇన్వర్టర్ మీద నెబులైజర్

వారం పది రోజులు సముద్రం మీదే ఉండే బోటువాళ్లలో ఆస్తమా ఉన్నవారు, "పడవలో ఇన్వర్టర్ పెట్టి నెబులైజర్ వాడుకోవచ్చా?" అని అడుగుతుంటారు. వాడుకోవచ్చు. అయితే లెక్క తెలియాలి.

12 వోల్టుల, 100 ఆంపియర్-అవర్ల బ్యాటరీలో ఉండేది 1200 వాట్-అవర్లు. మామూలు లెడ్-యాసిడ్ బ్యాటరీ ఎక్కువ కాలం మన్నాలంటే అందులో సగమే వాడాలి. 150 వాట్ల నెబులైజర్ పది నిమిషాలకు 25 వాట్-అవర్లు తీసుకుంటుంది. ఇన్వర్టర్‌లో పోయేది కలిపినా భయం లేదు. అదే 700 వాట్ల రైస్ కుక్కర్ అరగంటకే 350 లాగేస్తుంది! అన్నం గ్యాసు పొయ్యి మీదే వండుకోండి.

అన్నిటికంటే ముఖ్యం: ఇంజన్ స్టార్ట్ చేసే బ్యాటరీకి ఇన్వర్టర్ తగిలించవద్దు. రాత్రివేళ అది దిగిపోతే, ఆయాసపడే మనిషిని ఒడ్డుకు చేర్చేదెలా? వేరే బ్యాటరీ పెట్టుకోండి. వైద్య పరికరాలకు ప్యూర్ సైన్ వేవ్ ఇన్వర్టరే మంచిది. ఛార్జింగ్ సమయంలో బ్యాటరీ నుండి మండే స్వభావమున్న హైడ్రోజన్ వాయువు వస్తుంది కనుక దాన్ని గాలి ఆడేచోట, పొయ్యికి దూరంగా ఉంచండి. బ్యాటరీ చిన్నదే గాని ఇన్వర్టర్ ఇచ్చేది ఇంట్లో ఉండే 230 వోల్టులే. తడి చేతులతో ప్లగ్గు ముట్టుకోకండి.

డాక్టరు రాసిన ఇన్‌హేలర్ మాత్రం వెంట ఉండాల్సిందే. దానికి కరెంటుతో పని లేదు.