నీలి పసికందులు

పుట్టిన బిడ్డ నీలపడితే చలి అనో, దిష్టి అనో మన పల్లెల్లో కొందరు అంటుంటారు. చలికి చేతులు, పాదాలు కాస్త నీలపడటం మామూలే. నాలుక నీలంగా ఉంటే మాత్రం అది వేరు. మనలాంటి చామనఛాయ పిల్లల్లో ఒంటి రంగును బట్టి తెలియదు కనుక నాలుకనే చూడాలి.

గుండె కుడి భాగం చెడు రక్తాన్ని ఊపిరితిత్తులకు, ఎడమ భాగం మంచి రక్తాన్ని ఒంటికి పంపుతుందని మనం చదువుకున్నాము. కొందరు పిల్లల్లో ఆ రెండు పెద్ద ధమనులూ తారుమారుగా ఉంటాయి. మరికొందరిలో ఊపిరితిత్తుల దారి ఇరుకై, గుండె గోడకు రంధ్రం ఉంటుంది. తల్లి కడుపులో ఉన్నప్పుడు ఈ ధమనులను కలిపే చిన్న నాళం ఒకటి ఉంటుంది. పుట్టిన కొద్ది రోజుల్లో అది మూసుకుంటుంది. లోపం తీవ్రంగా ఉన్న బిడ్డకు ఆ నాళమే ఆధారం. అందుకే ఆసుపత్రిలో బాగున్న బిడ్డ ఇంటికొచ్చాక నీలపడవచ్చు. ప్రోస్టాగ్లాండిన్ మందు ఎక్కించి నాళాన్ని తెరిచి ఉంచితే ఆపరేషన్‌కు వ్యవధి దొరుకుతుంది.

అలాంటి దారినే 1944 నవంబరు 29న అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రిలో ఒక పాపకు కుట్టి ఏర్పరచారు. ఆ పాప కొన్ని నెలలే బతికినా, తర్వాత వేలమంది పిల్లలకు అదే ఆపరేషన్ చేశారు. సర్జన్ బ్లాలాక్ వెనుక నిలబడి ఎలా కుట్టాలో చెప్పినవాడు వివియన్ థామస్. నల్లజాతివాడు, కాలేజీ డిగ్రీ లేనివాడు. ఆపరేషన్ పేరులో ఆయన పేరు చాలాకాలం చేర్చనే లేదు! 1976లో గౌరవ డాక్టరేటు ఇచ్చారు.

మన శంషాబాద్ నుండి నీలోఫర్, నిమ్స్ ఆసుపత్రులు సుమారు గంట ప్రయాణం. పిల్లల గుండె ఆపరేషన్లు ఆరోగ్యశ్రీలో ఉన్నాయి. నాలుక నీలంగా కనబడితే తెల్లవారనీ అని ఆగకుండా వెంటనే 108కు ఫోన్ చేయాలి.