ఇసుకలో నిలిచే బరువు: ధవళేశ్వరం నేర్పే పాఠము

గోదావరి ఒడ్డున పుట్టి, ఇసుకలో పిచ్చుకగూడు కట్టి ఆడుకొనని వారుండరు. కాలు తీయగానే గూడు నిలుస్తుంది. నీరు తగలగానే కూలుతుంది. అటువంటి ఇసుక మీదనే సర్ ఆర్థర్ కాటన్ 1847-52 మధ్య ధవళేశ్వరం వద్ద ఆనకట్ట కట్టించారు. లోతు తెలియని ఇసుకలో పునాది నిలిపే విద్యను కావేరిపై ప్రాచీనులు కట్టిన కల్లణై నుండి నేర్చుకున్నట్లు ఆయనే అంగీకరించారు. ఎగువన రాజమహేంద్రవరం వద్ద 1900లో పూర్తయిన హేవలాక్ వంతెన స్తంభాలు బావి పునాదులపై నిలిచాయి. బోలుగా ఉన్న కట్టడము ఇసుకలో ఇంతటి బరువును ఎట్లు మోయగలదో ఈ వ్యాసంలో పరిశీలింతము.

అడుగు, మూత లేని డబ్బా నొకదానిని తడి ఇసుకలో నిలువుగా నొక్కి చూడండి. మొదట ఇసుక లోపలికి ఎక్కుతుంది. డబ్బా సన్ననిదైతే కొంతసేపటికి లోపలి ఇసుక గోడలను బిగబట్టి, బిరడావలె నిలిచిపోతుంది. అప్పుడది మూసిన అడుగు గల స్తంభమువలె బరువు మోస్తుంది. వెడల్పైన బావులలో ఇట్టి బిరడా తనంతట ఏర్పడదు. కనుక లోపలి ఇసుకను తోడుచు, బావిని స్వంత బరువుతో దించి, తుదకు అడుగును కాంక్రీటుతో మూస్తారు.

మోసే శక్తికి రెండు ఆధారాలు: అడుగున ఇసుక ఇచ్చే ప్రతిఘటన, పక్కలను ఒరసికొనే రాపిడి. బావిని దించునపుడు రాపిడి మనకు విరోధి. దించిన పిమ్మట అదే బంధువు. లోతు పెరిగిన కొలది ఇసుక ఒత్తిడి హెచ్చుతుంది గనుక, స్థూలమైన లెక్కలో మొత్తం రాపిడి లోతు వర్గమును అనుసరిస్తుంది. 20 మీటర్ల పట్టు 10 మీటర్లకు తగ్గితే రాపిడి సగము కాదు, నాల్గవ వంతే మిగులుతుంది. ఇసుక నీట మునిగినప్పుడు ఉత్ప్లవనము వలన దాని ఫలిత భారము దాదాపు సగమగుట కూడ గమనింపదగినది.

వరద కాలమున నది తన అడుగును తానే కోసికొంటుంది. స్తంభముల చుట్టూ సుడులు ఇసుకను ఇంకను లోతుగా తవ్వుతాయి. 1986 ఆగస్టు 16న ధవళేశ్వరం వద్ద సుమారు 35 లక్షల క్యూసెక్కుల ప్రవాహము నమోదైనది. పాత ఆనకట్ట స్థానంలో 1982లో ప్రారంభమైన 175 తలుపుల బ్యారేజికి అది పరీక్షా సమయము. అందుకే ఇంజనీరు పునాది లోతును వేసవి ఇసుకమట్టము నుండి గాక, వరద కోసిన గుంట అడుగు నుండి లెక్కిస్తాడు. రహదారి వంతెనలకు గరిష్ఠ కోతలోతులో కనీసము మూడవ వంతు అదనముగా దింపవలెనని మన దేశపు నియమము.

వరద కోసిన ఇసుకను నదియే మరల కొంత పూడ్చుతుంది; లారీలలో తరలిపోయిన ఇసుక తిరిగి రాదు. వంతెన చెంత తీసిన ప్రతి అడుగు ఇసుక పైకి కనబడని పునాదిలోని బలమును తీసివేస్తుంది. భావి ఇంజనీర్లయిన మన విద్యార్థులు బ్యారేజిపై నడిచేటప్పుడు పైనున్న తలుపులను మాత్రమే గాక, క్రింద బరువును పట్టి ఉంచిన ఇసుకను కూడ తలచుకొందురు గాక.